వేలికి తగలని ప్యాచ్

"ఆ సంచీ గడప దాటిందంటే దాని వెనకే నేనూ దాటతాను. తర్వాత చెప్పలేదనొద్దు."

గుమ్మానికి అడ్డంగా నిలబడి అంది భార్య. చేతిలో గరిటె ఉంది. దాన్నుంచి చుక్కలు నేలమీద పడుతున్నా చూసుకోవడం లేదు.

పెద్దోడు సంచీ దించలేదు. అందులో నిద్ర మిషను ఉంది. గొట్టం సగం బయటికి వేలాడుతోంది, మెడ విరిచిన కోడిలా.

"దాటు. ఇద్దరం సుఖపడతాం. నువ్వు మీ చెల్లెలింట్లో, నేను నా మంచం మీద."

"మీరు మంచం మీద పడే సుఖం చూసే గదా ఈ మిషను ఇంటికొచ్చింది!"

"ఇది మిషనా? మొహానికి గొట్టం బిగించి ప్రాణం లాగే యంత్రం. రాత్రి ముక్కు మూసి నూతిలో ముంచినట్టయింది. పీకి అవతల పారేశాను కాబట్టి ఇప్పుడు నీ ముందు నిలబడి తిట్లు తింటున్నా. లేకపోతే ఈపాటికి ఏడుస్తూ ఉండేదానివి."

"ఏడ్చేదాన్నో లేదో అప్పుడు చూసుకునేవాళ్లం."

లోపలి గదిలోంచి పెద్దోడి తల్లి గొంతు ఖంగుమంది. ఆవిడకి చెవి దగ్గర నోరు పెట్టి చెబితేనే వినబడుతుంది. తనకు వినబడనిది లోకానికీ వినబడదని ఆవిడ నమ్మకం. అందుకే ఆవిడ ఏం మాట్లాడినా వీధి మొత్తానికీ చెప్పినట్టే ఉంటుంది.

"ఒరేయ్ పెద్దోడా! తొండం మళ్లీ ఊడిందా?"

"ఊడలేదమ్మా! నేనే పీకేశాను!"

"అదేరా నేననేదీ, ఊడిందని!"

పెద్దోడు నుదురు నొక్కుకున్నాడు. కణతల దగ్గర ఎవరో సుత్తి పట్టుకు కూర్చున్నట్టుంది. వారం రోజులుగా రోజూ పొద్దున ఇదే. మిషను రాకముందు మత్తుగా లేచేవాడు. మిషను వచ్చాక మత్తుతోపాటు తలనొప్పితో లేస్తున్నాడు. వైద్యం అంటే ఇదే కాబోలు, ఉన్న రోగానికి తోడుగా ఇంకోటి ఇచ్చి పంపడం.

"మొదట రెండు మూడు రోజులు బానే పడుకున్నారు గదా. గురక కూడా కాస్త తగ్గింది. ఇప్పుడు కొత్తగా ఏం వచ్చింది?" భార్య గొంతు కాస్త దిగింది.

"అప్పుడు చెవి పక్కన పాము బుసకొట్టినట్టు గాలి కారేది. ఇప్పుడు ఆ బుస పోయింది. దాంతోపాటు నా ఊపిరీ పోతోంది."

"బుస కొడుతోందని బకెట్టులో ముంచి బుడగలు చూశారు! కరెంటు వస్తువుని! నేను లాక్కోకపోతే ఆ రోజే అయిపోయేది అందరి పనీ."

"లీకుందని తేలింది గదా!"

"మీ అరుపులకి కింద కొట్లో వాళ్లకీ తేలింది."

పెద్దోడు సంచీ ఇంకో చేతికి మార్చుకున్నాడు. గుమ్మం వైపు ఒక్క అడుగు వేశాడు. అప్పుడు ఆమె ఆఖరి మాట అంది. అరవలేదు. అరవకుండా అనడం వల్లే అది తగిలింది.

"తిరిగిచ్చేయండి. సోమవారం నుంచి కింద కొత్త మనిషి వస్తున్నాడు. మీ తమ్ముడు మాట్లాడేశాడు. మీరు ఇక్కడే కూర్చుని అత్తయ్యతో తొండం కబుర్లు చెప్పుకోవచ్చు."

అతని అడుగు అక్కడే ఆగింది.

*

కిందనే టైర్ల కొట్టు. అన్నదమ్ములిద్దరిదీ. వీధిలో పెద్దోణ్ని లారీ టైరనీ, చిన్నోణ్ని సైకిల్ టైరనీ అంటారు. చూసినవాళ్లెవరికీ ఎందుకని అడగాల్సిన పని ఉండదు. చిన్నోడికి పెళ్లి లేదు. కొట్టు వెనక గదిలో పడుకుంటాడు, అన్నం పైన వదిన చేతిది తింటాడు. తినేవాడు అనాలి ఇప్పుడు. వ్యాను పడ్డ రోజు నుంచి అతని క్యారేజీ కిందికే వెళుతోంది.

వ్యాను పడిందంటే జాకీ మీద నుంచి పడింది. జాకీ దగ్గర ఉన్నది పెద్దోడు. కింద దూరింది చిన్నోడు. చెక్క దిమ్మ పెట్టాల్సిన చేతులు నిలబడ్డచోటే కునికాయి. కునుకులో చెయ్యి జాకీ మీద వాలింది, వాలిన చెయ్యి పిడిని తిప్పింది, వ్యాను దిగిపోయింది. చిన్నోడు సన్నటివాడు కాబట్టి దొర్లి బయటపడ్డాడు. చొక్కా చెయ్యి మాత్రం కిందే ఉండిపోయింది.

ఆ చినిగిన చొక్కాతోనే పైకొచ్చి వదినకి చెప్పాడు. "నిద్ర సరిచేసుకునేదాకా ఆయన జాకీ ముట్టుకోకూడదు వదినా. పనిముట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను."

ఆయన. అన్నయ్య అనలేదు. పెద్దోడు పక్కగదిలోనే ఉన్నాడు, విన్నాడు. అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్యా మాట లేదు.

మెలకువగా ఉండి తప్పు చేస్తే జనం క్షమిస్తారు. నిద్రలో చేస్తే బద్ధకం అంటారు. డాక్టరు మాత్రం బద్ధకం అనలేదు. రాత్రిళ్లు గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందనీ, ఆగినప్పుడల్లా ఒళ్లు ఉలిక్కిపడుతోందనీ, అలాంటి నిద్ర ఎంత పడుకున్నా నిద్ర కాదనీ అన్నాడు. మిషను రాసిచ్చాడు. ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టంలోంచి గాలి. ఆ గాలి గొంతుని మూసుకోకుండా నిలబెడుతుందట.

గాలి సంగతి తమకి చెప్పేదేమిటని అప్పుడు పెద్దోడు లోలోపల నవ్వుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ గాలితోనే బతికిన కుటుంబం.

"పదండి. తిరిగివ్వడానికి కాదు, చూపించడానికి. ఆస్పత్రిలో మిషను ఇచ్చిన ఆ మాస్కులమ్మాయికి చూపిద్దాం. అది కూడా కాదంటే అప్పుడు ఇచ్చేద్దాం. నేనేమీ అనను," అంది భార్య.

"ఏమీ అనవా?"

"ఈ విషయంలో అనను. అనడానికి వేరేవి చాలా ఉన్నాయి."

*

మెట్లు దిగితే కొట్టు ముందునుంచే పోవాలి.

చిన్నోడు నీళ్లతొట్టి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక పాలవ్యానువాడు ట్యూబుని వేళ్లతో తడుముతున్నాడు.

"ఎక్కడేశావయ్యా? ఇక్కడా?"

"నువ్వే చెప్పు."

"ఇదిగో, ఇక్కడ."

"అది కంపెనీ అతుకు. కళ్లు మూసుకుని వెతుకు, కళ్లున్నవాళ్లకి దొరకదు."

ఇది చిన్నోడి పాత ఆట. ఆకురాయితో అంచులు గీకి గీకి, ప్యాచ్ ఎక్కడ మొదలైందో ట్యూబు ఎక్కడ ఆగిందో తెలియకుండా చేస్తాడు. అతను వేసిన ప్యాచ్ వేలికి తగలదని వీధిలో పేరు. ఆ ఒక్క పేరు తప్ప అతను లోకం నుంచి పుచ్చుకున్నది ఏమీ లేదు.

సంచీని చూశాడు. వదినని చూశాడు. మధ్యలో ఉన్న మనిషిని చూడలేదు. అంత లావు మనిషిని చూడకుండా ఉండటానికీ నేర్పు కావాలి.

"ఎక్కడికి వదినా?"

"ఆస్పత్రికి. మీ అన్నకి ఊపిరాడటం లేదట."

చిన్నోడి చెయ్యి నీళ్లలో ఆగింది. "లీకు పోయింది గదా?"

"లీకు పోయాకే ఎక్కువైందంటున్నారు."

ఏదో అనబోయాడు. పాలవ్యానువాడు ట్యూబు మొహం మీదకి చాపి "పోనీ నువ్వే చూపించు!" అన్నాడు. మాట అక్కడే మునిగిపోయింది.

కొంత దూరం నడిచాక పెద్దోడు సణిగాడు. "లీకు సంగతి వాడికెందుకు?"

"మీరు అరిస్తే ఊరందరికీ తెలుస్తుంది, వాడికి తెలియదా?"

*

మాస్కులమ్మాయి గది చిన్నది. గోడ నిండా మేకులు, మేకులకు మాస్కులు. ముక్కులు కోసి వేలాడదీసినట్టుందని పెద్దోడు మొదటిరోజే అనుకున్నాడు. ఈసారీ అదే అనుకున్నాడు.

"రండి అంకుల్! ఎలా ఉంది? అలవాటైందా?"

"తల్లీ, నన్ను అంకులన్నా పర్లేదు. దీన్ని మాత్రం వెనక్కి తీసుకో."

"ఏమైంది?"

ఏమైందో భార్య చెప్పింది. పెద్దోడు చెప్పాల్సినవి కూడా ఆమే చెప్పింది. తలనొప్పి, ఉక్కిరిబిక్కిరి, నిద్రలో మాస్కు పీకి గోడకేసి కొట్టడం, తర్వాత గోడని తిట్టడం.

ఆ పిల్ల విసుక్కోకుండా విన్నది. మిషను బల్లమీద పెట్టి, గొట్టం తగిలించి, మాస్కు అతని ముక్కుకి పెట్టి మీట నొక్కింది. మిషను మెల్లగా ఊపిరి తీసింది. ఆమె అరచెయ్యి మాస్కు ముందు పెట్టింది. కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి ఇంకా దగ్గరికి తెచ్చింది.

"గాలి రావట్లేదే!"

"వస్తోందమ్మా, ముక్కులోకి."

"లోపలికి కాదు అంకుల్. బయటికి."

"బయటికెందుకు రావాలి? బయటికొస్తే దాన్ని లీకంటారు."

"దీన్ని లీకనరు. మాస్కుకి గొట్టం కలిసే ఈ మలుపు దగ్గర సన్న చిల్లులుంటాయి, కావాలనే పెడతారు. మీరు వదిలిన ఊపిరి వాటిలోంచే బయటికి పోతుంది. మిషను ఇచ్చిన రోజే చెప్పాను. మీరు ఊ కూడా కొట్టారు."

"ఈయన నిద్రలోనూ ఊ కొడతాడమ్మా," అంది భార్య. "పెళ్లయిన కొత్తల్లో మా పుట్టింటి కష్టాలన్నీ చెప్పుకున్నాను. పొద్దున అడిగితే ఒక్కటీ తెలియదు. ఆ రోజు నేను మందుల కిటికీ దగ్గర వరసలో ఉన్నాను. ఈయన ఇక్కడ కుర్చీలో కునికి ఉంటాడు."

"కునికానా?"

"మీరు కునకని కుర్చీ ఉందా?"

మాస్కులమ్మాయి బల్లదీపం దగ్గరకి లాగింది. మాస్కుని విప్పి మలుపు ముక్కని వెలుగులో తిప్పింది. నల్లటి ముక్క, నల్లగానే ఉంది. గోరుతో గీరింది. మళ్లీ గీరింది.

"ఇక్కడ ఏదో అంటించారు. చిల్లులు మూసేశారు. అంచు కూడా దొరకట్లేదు, ఎంత నీట్‌గా ఉందో!"

పెద్దోడు చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తీశాడు. రాత్రిళ్లు అద్దాలు తీసి, దీపం ఆర్పి తగిలించుకునే వస్తువు అది. బకెట్టులో ముంచిన రోజు కూడా బుడగలే చూశాడు గానీ, దాని మొహం సరిగా చూడలేదు. ఇప్పుడు చూశాడు. చూపుకి ఏమీ ఆనలేదు. బొటనవేలితో తడిమాడు. వేలికీ తగల్లేదు.

వేలికి తగలకపోవడం వల్లే అతనికి తెలిసిపోయింది.

ముక్కని ఒంచి చూశాడు. ఒంపులో సన్నగా ఒక అంచు లేచింది. గీకుడు గీతలు ఎడమనుంచి వాలుగా దిగాయి. ఆ కొట్లో ఆకురాయిని ఎడమచేత్తో పట్టేవాడు ఒక్కడే.

మాస్కు రోజూ పొద్దున కడిగి మెట్ల కమ్మీకి ఆరేస్తుంది భార్య. మెట్ల కింద కొట్టు. పైన అన్న "కొత్త మిషనుకి లీకు" అని అరిచాడు. కింద తమ్ముడు విన్నాడు. మాట్లాడడు. మొహం చూడడు. అన్నయ్య అని పిలవడు. కానీ ఎవరూ చూడనప్పుడు మెట్లెక్కాడు. ఆ ముక్క ఊడదీసుకున్నాడు. బీరువా తాళం తీసి, ఆకురాయి తీసి, లారీ ట్యూబుకి వేసేదానికంటే వెయ్యిరెట్లు శ్రద్ధగా, గోరంత ప్యాచ్ వేశాడు. తిరిగి పెట్టి దిగిపోయాడు. అన్నకి గాలి పోకూడదని.

బుస ఆగింది. భార్య ఏదో సరిచేసిందని పెద్దోడు అనుకున్నాడు. ఆయనే సరిచేసుకున్నాడని భార్య అనుకుంది. ఒకరినొకరు ఒక్క మాట అడిగుంటే తేలిపోయేది. ఆ ఇంట్లో మాటలకి కొదవలేదు, అడగడానికే కరువు.

"ఎవరు చేశారిది అంకుల్?"

"నేనే."

భార్య తల తిప్పి చూసింది. పనిముట్లన్నీ తాళంలో ఉన్నాయి. ఈయన చేతికి ఆకురాయి తగిలి ఎన్నాళ్లయిందో ఆమెకి తెలుసు. నోరు తెరిచింది. బల్ల కింద అతని చెప్పు ఆమె కాలిమీద పడింది. ఆమె నోరు మూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ పద్ధతి పనిచెయ్యడం అదే మొదలు.

"చాలా ప్రమాదం అంకుల్! మీరు వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ పడుకున్నారు. దుప్పటి నిండా ముసుగేసి, అంచులన్నీ కుట్టేసినట్టు. తలనొప్పి రాదా మరి! మీరు మధ్యలో పీకి పారెయ్యబట్టి సరిపోయింది."

"చూశావా?" అన్నాడు పెద్దోడు భార్యతో. "పీకి పారేసినందుకు పొద్దున్నుంచీ తిట్టావు."

"తిట్టినందుకేగా ఇక్కడికొచ్చారు?"

 అతని లోపల ఎక్కడో బిగించిన మర ఒకటి ఒక్క చుట్టు వదులైంది. రోగం ముదరలేదు. మిషను చెడ్డది కాదు. తను దీనికి పనికిరాని మనిషీ కాదు. గోరంత రబ్బరు ముక్క, అంతే.

*

ఆ పిల్ల కొత్త మలుపు ముక్క తగిలించింది. పట్టీలు వదులు చేసింది.

"అంత వదులా? ఊడదూ?"

"చక్రమా అంకుల్, ఊడటానికి? మొహమండీ. మీరు నట్టు బిగించినట్టు బిగించారు, చూడండి బుగ్గమీద గాట్లు." పక్కగది తలుపు తీసింది. "అక్కడ మంచం ఉంది. కాసేపు పెట్టుకుని పడుకోండి. బాగుంటేనే ఇంటికి తీసుకెళ్లండి."

"పట్టపగలు, కొత్తచోట, నిద్రెలా పడుతుందమ్మా?"

"ఈయనకా?" అంది భార్య. "నిలబడితేనే పట్టింది."

పడుకున్నాడు. మిషను మొదలైంది. మాస్కు ముందునుంచి సన్నగా బుస వినబడింది. పెద్దోడి చెయ్యి అలవాటుగా అటు పోయింది. యాభై ఏళ్ల ఒంట్లో గాలి శబ్దం వింటే వేలు పెట్టి మూసే జబ్బు ఉంది. వేలు పెట్టాడు. అరనిమిషంలో ఛాతీ బరువెక్కింది. తీశాడు. బుస. హాయి. మళ్లీ పెట్టి చూడబోయాడు.

"ఏమండీ," అంది భార్య కుర్చీలోంచి. "చెయ్యి కిందపెట్టండి."

పెట్టాడు. పోతున్నది తన ఊపిరే అని తెలిశాక ఆ చప్పుడు వేరేగా వినబడింది. ట్యూబులో గాలి నిలవాలి. మనిషిలో గాలి పోవాలి, రావాలి. ఇంత చిన్న తేడా. దీనికోసం ఇన్నాళ్లు చచ్చాడు.

భార్య కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఇంకాసేపట్లో మొదలవుతుందనుకుంది. మొదట గొణుగుడు, తర్వాత రంపం, తర్వాత హఠాత్తుగా ఆగిపోవడం. ఆ ఆగిపోవడంలో తను పక్కగదిలో అత్తగారి మంచం పక్కన పడుకుని, చెవులు రిక్కించి, మళ్లీ మొదలయ్యేదాకా తనూ ఊపిరి బిగబట్టడం. ఏళ్లుగా అదే ఆమె నిద్ర. గురక భరించలేక గది మారిందని అందరూ అనుకున్నారు. గురకని ఎవరైనా భరిస్తారు. ఆమె భరించలేకపోయింది అది ఆగడాన్ని.

రంపం మొదలు కాలేదు. ఏమీ కాలేదు. గది అంతా మెత్తగా ఉంది.

ఆమె వంగి అతని మొహంలోకి చూసింది. లేచి తలుపు దగ్గరకి పరుగెత్తింది. "అమ్మాయ్! ఒకసారి రా! ఈయన చప్పుడు చెయ్యట్లేదు!"

ఆ పిల్ల వచ్చి చూసింది. పెద్దోడి పొట్ట మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది, ఏ తొందరా లేకుండా.

"నిద్రపోతున్నారు ఆంటీ."

"నిద్ర ఇలా ఉంటుందా?"

"ఇలాగే ఉంటుంది."

ఆమె తిరిగి కూర్చుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చిందో ఇంకేదో వచ్చిందో బయటికి తెలియలేదు. కాసేపయ్యాక కుర్చీలో ఆమె తల కూడా పక్కకి వాలింది.

పెద్దోడు లేచేసరికి కిటికీ ఎండ మంచం మీదనుంచి ఎదురు గోడకి పోయింది. ఎవరో తలలో తలుపులన్నీ తెరిచి ఊడ్చినట్టుంది. చుట్టూ చూశాడు. భార్య కునుకుతోంది. ఆమె కునకడం అతను చూడటం అదే మొదటిసారి.

"ఏమే."

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఊ. తల ఎలా ఉంది?"

"ఉంది."

"నొప్పి?"

అతను వెతుక్కున్నాడు. పారేసుకున్న వస్తువుని జేబుల్లో వెతికినట్టు, కణతలు, నుదురు, మెడ వెనక.

"లేదే!" అన్నాడు, మోసపోయినవాడిలా.

*

తిరిగొచ్చే దారంతా వాదులాటే. కానీ పొద్దుటి వాదులాట కాదు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ, ఒకరి చెయ్యి ఒకరికి తగులుతుండగా చేసే రకం.

"చెప్పాలి వాడికి. చెప్పకపోతే రేపు ఇంకో చిల్లు మూస్తాడు," అంది.

"చెప్తే వాడు ఇక నా మొహం చూడలేడు. వ్యాను పడ్డరోజు వాడు నన్ను తిట్టి ఊరుకున్నాడు. ఇది తెలిస్తే తనని తాను తిట్టుకోవడం మొదలుపెడతాడు. వాడికి మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలీదు. చిన్నప్పుడు నాకు బంతి తగిలిందని నెల్లాళ్లు బంతి ముట్టలేదు."

"మీరు వాడి మీద వ్యాను దించారు. వాడు మీ ముక్కు మూశాడు. ఇద్దరికీ సరి."

పెద్దోడికి నవ్వొచ్చింది. నడిరోడ్డు మీద ఆగి నవ్వాడు. పొట్ట ఊగింది, సంచీ ఊగింది, గొట్టం ఊగింది. భార్య చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, తనూ నవ్వింది.

"సరే. వాడికి చెప్పను," అంది చివరికి. "అత్తయ్యకైతే చెప్పాలి. పొద్దున్నుంచి తొండం గురించి బెంగ పెట్టుకుని ఉంటుంది."

అది విన్నప్పుడే పెద్దోడు ఆమెని ఆపి ఉండాల్సింది. కానీ నిద్ర తీరిన మనిషికి లోకమంతా మంచిగా కనిపిస్తుంది. తలూపాడు.

కొట్టు దగ్గర ఆమె మెట్లెక్కింది. అతను ఆగాడు. ఆ గుమ్మంలో ఆగి చాన్నాళ్లయింది.

ఒక పెద్ద వ్యాను పక్కకి ఒరిగి ఉంది. చిన్నోడు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని నట్లు వదులు చేస్తున్నాడు. తలెత్తలేదు. చక్రంతోనే మాట్లాడాడు.

"ఆస్పత్రిలో ఏమన్నారట?"

పెద్దోడు ఇటూ అటూ చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు. ఆ ప్రశ్న తనదే.

"పట్టీలు మరీ బిగించానట. వదులు చేశారు. అంతే."

"అంతేనా?" ఒక నట్టు ఊడి చిన్నోడి అరచేతిలో పడింది. "గాలి?"

"ఏ గాలి?"

"బుస కొట్టేదటగా."

పెద్దోడి చెయ్యి జేబులోకి పోయింది. పాత మలుపు ముక్క అక్కడుంది. పారెయ్యబోతుంటే మాస్కులమ్మాయి చేతిలోంచి అడిగి తెచ్చుకున్నాడు. వేళ్ల మధ్య తిప్పాడు. ఎంత తిప్పినా తగల్లేదు.

"అది ఎప్పుడో ఆగింది. ఎవడో ప్యాచ్ వేశాడు. ఎవడేశాడో గానీ, వేలికి తగల్లేదు."

చిన్నోడు నట్టుని అరచేతిలో దొర్లించాడు. చెవులు ఎర్రబడ్డాయి. మెచ్చుకుంటే అతనికి చెవులు ఎర్రబడతాయి, అప్పుడూ ఇప్పుడూ అంతే.

"నిద్ర పట్టిందా?"

"పట్టింది. పొద్దుటిదాకా కళ్లు ఇసక పోసినట్టుండేవి. ఇప్పుడు ఆ మూలనున్న బోల్టు మీద తుప్పు కూడా కనిపిస్తోంది."

"మొహం చూస్తే తెలుస్తోంది." నట్టు రేకు డబ్బాలో వేశాడు. అది టంగుమంది.  "సోమవారం వచ్చేవాడికి కబురు పెట్టాలి."

"ఏమని?"

"రావద్దని."

పెద్దోడు సంచీ గోడవార దించాడు. 

చిన్నోడు లేచాడు. బీరువా దగ్గరకి పోయాడు. తాళం తీశాడు. జాకీ రాడ్డు తెచ్చి, ఒక చివర తను పట్టుకునే, రెండో చివర అన్న వైపు చాపాడు.

"దిమ్మ నేను ముందే పెట్టాను," అన్నాడు. ఆ మాట సగం క్షమాపణ, సగం హెచ్చరిక. "ఈ పక్క నువ్వెత్తు అన్నయ్యా."

పెద్దోడు రాడ్డు పట్టుకున్నాడు. చల్లగా, గ్రీజు జిడ్డుతో, బరువుగా తగిలింది. ఆ బరువు నచ్చి, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు పైన కిటికీ తెరుచుకుంది.

"ఒరేయ్ చిన్నోడా!"

తల్లి గొంతు. పక్క కొట్లో బేరం ఆగింది. ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్నామె తొంగిచూసింది.

"తొండానికి చిల్లులు మూసింది నువ్వేనటగా! మీ అన్న ఊపిరాడక రోజూ చచ్చి బతుకుతున్నాడటరా! మీ వదిన ఇప్పుడే చెప్పింది! నీకు చెప్పొద్దన్నాడట!"

వెనకనుంచి "అత్తయ్యా! అత్తయ్యా!" అని వినబడింది. కిటికీ ధడాలున మూసుకుంది.

చిన్నోడి మొహంలోంచి ఎరుపు దిగిపోయింది. చెవులు కూడా తెల్లబడ్డాయి. అతని చూపు అన్న మొహం మీదనుంచి జేబు మీదకి జారింది. అక్కడ ఉబ్బెత్తుగా ఉన్న చిన్న ముక్క మీద ఆగింది.

"అన్నయ్యా," అన్నాడు, "ఏదీ, చూపించు."

రాడ్డు ఒక చివర అతని చేతిలో ఉంది, రెండో చివర పెద్దోడి చేతిలో. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.